తెల్లకొంగ ఈకలు ఎక్కడికి పోయాయి?

ఈ నెల ఉత్తరాలన్నీ పిట్టల ఫొటోల ఎడిటింగ్ మీదే వచ్చాయి. వానలకి బయటికెళ్లడం కుదరక అందరూ పాత ఫైళ్లు ముందేసుకుని కూర్చున్నట్టున్నారు. నేనూ అదే పనిలో ఉన్నాను.

ప్రశ్న: ముడసర్లోవ గట్టున తెల్లకొంగని తీశాను. ఫోన్‌లో ముచ్చటగా ఉంది. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే ఒంటి మీద ఒక్క ఈకా కనపడదు, తెల్ల పాలిథిన్ సంచిలా ఉంది. హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గిస్తే బూడిదరంగు వస్తోందే గాని ఈకలు రావట్లేదు. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: ఈ ఫొటోకి చెయ్యగలిగిందేమీ లేదండీ. రేపు తీయబోయేదానికి మాత్రం చాలా ఉంది.

మా నాన్నకి పూర్ణా మార్కెట్ దగ్గర స్టూడియో ఉండేది. పెళ్లికొడుకు తెల్ల పంచె మడతలు ప్రింటులో రాకపోతే, ఎన్‌లార్జర్ (నెగెటివ్ బొమ్మని కాగితం మీద వేసే యంత్రం) కింద చిల్లు పెట్టిన అట్టముక్క పట్టుకుని, ఆ పంచె మీద మాత్రమే ఇంకాసేపు వెలుతురు పడేలా చెయ్యి ఆడించేవారు. నెగెటివ్‌లో మడతలుంటే కాగితం మీదకి దిగేవి. తెలుపు నెగెటివ్ మీద నలుపుగా పడుతుంది కదా, అక్కడ తారు పూసినట్టు నల్లగా ఉంటే ఎంతసేపు ఆడించినా పంచె మాసినట్టు బూడిదగా అయ్యేది, మడత వచ్చేది కాదు. "లేందాన్ని ఎక్కణ్నుంచి తెస్తాంరా" అనేవారు. మీ కొంగకి జరిగింది అచ్చం అదే.

జేపెగ్‌లో ఒక్కో రంగుకి 0 నుంచి 255 వరకే మెట్లు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 255 దగ్గర ఆగిపోయాయంటే ఆ చోట ఒక ఈకకీ పక్క ఈకకీ తేడా నమోదే కాలేదని. 14 బిట్ల రా (కెమెరా దిద్దకుండా దాచే ముడి) ఫైల్‌లో 16,384 మెట్లుంటాయి. అందులో వెలుతురు కాస్త పొంగినా చాలాసార్లు వెనక్కి లాగొచ్చు. మీరు తీసింది జేపెగ్ అనుకుంటాను.

అసలు తప్పు కెమెరాది. చెరువు నీళ్లు నల్లగా ఉన్నాయి, కొంగేమో ఫ్రేములో పిసరంత. కెమెరా ఆ నీళ్లని చూసి "అమ్మో చీకటి" అనుకుని వెలుతురు పెంచేసింది. ఎండలో తెల్లకొంగ ఉంటే నేను ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచిన వెలుతురుని పెంచి తగ్గించే సెట్టింగ్) ముందే మైనస్ 1 దగ్గర పెట్టేస్తాను. ఒక ఫొటో తీసి వెనక తెర చూస్తాను. పొంగిన చోట మిణుకుమిణుకుమనే హెచ్చరిక చాలా కెమెరాల మెనూల్లో ఎక్కడో ఉంటుంది, వెతికి ఆన్ చేసుకోండి. మెడ దగ్గర మిణుకుమంటే ఇంకో మూడో వంతు స్టాప్ (వెలుతురు కొలత) దించుతాను. ఫొటో మొత్తం చీకటిగా కనిపిస్తుంది, కంగారు పడకండి. ఇంటికొచ్చి షాడోస్ (చీకటి భాగాలు) ఎత్తితే నీళ్లు వాటంతటవే తేలుతాయి. క్లారిటీ (అంచుల్ని గట్టిపరిచే సెట్టింగ్) జోలికి మాత్రం పోవద్దు. కొంగ మెడ మీద దూదిలాంటి ఈకలు ఇనప తీగల్లా తయారవుతాయి.

ఇంకోటి, ఆ కొంగ ముక్కు నల్లగా ఉంది. కాళ్లు కూడా నలుపే, వేళ్లు మాత్రం పసుపు. అది చిన్న తెల్లకొంగ. మీరు ఫొటోని సరిగ్గా వేళ్ల మీదుగా కత్తిరించేశారు, సగమే కనిపిస్తున్నాయి. వచ్చేసారి పాదాలు వదిలెయ్యకండి, పేరు చెప్పేవి అవే.

ప్రశ్న: లకుముకిపిట్ట నీలం మీద శాచురేషన్ (రంగు గాఢత) పెంచితే తప్పేంటి? అందరూ అలాగే పెడుతున్నారు, అలా పెట్టినవాళ్లకే లైకులు. ఫొటో జతచేశాను.
— ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: స్టూడియోలో నాకు పదిహేనేళ్లప్పుడు అప్పజెప్పిన మొదటి పని నెగెటివ్ మీద పెన్సిల్ రీటచింగ్. పెళ్లిచూపుల ఫొటో కోసం వచ్చిన ప్రతి తల్లీ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఒకే మాట అనేది, "బాబూ, పిల్లని కొంచెం తెల్లగా చెయ్యండి". చేసేవాళ్లం. పెళ్లివారు నేరుగా వచ్చి చూసినప్పుడు ఏమయ్యేదో ఆ అమ్మాయిలకే తెలియాలి. మీ నీలం చూస్తే నాకు ఆ పెన్సిల్ గుర్తొచ్చింది.

లకుముకి వీపు మీద నీలిరంగు పదార్థమంటూ ఏదీ ఉండదు. ఈక లోపలి సన్నటి అల్లిక వెలుతుర్ని చెదరగొడితే మన కంటికి నీలంగా కనిపిస్తుంది. నెమలి పింఛానికి మెరుపు వచ్చేదీ ఇలాంటి అల్లికవల్లే. అందుకే మబ్బులో ఒకలా, ఎండలో ఒకలా, అది మెడ తిప్పితే ఇంకొకలా ఉంటుంది. ఆ ఉదయం ఆ కొమ్మ మీద ఏ నీలం పడిందో అదే మీ నీలం. నేనైతే శాచురేషన్ ముట్టుకోను. నీలం ఒక్కదాని వెలుగు కొద్దిగా దించుతాను, వీపు మీద ఈకల గీతలు బయటపడతాయి. చూసేవాళ్లకి రంగు పెరిగినట్టే అనిపిస్తుంది.

ఇక మీ ఫొటోలో అసలు ప్రమాదం నీలంలో లేదు, నారింజలో ఉంది. చిన్న నీలి లకుముకిలో మగదానికి ముక్కు దాదాపు పూర్తిగా నలుపు. ఆడదానికి కింది ముక్కు ఎర్రగా ఉంటుంది. మీరు షాడోస్ ఎత్తి, పొట్ట మెరవాలని ఆరెంజ్ పెంచేసరికి, కింది ముక్కు మొదట్లో ఉన్న ఇసుమంత ఎరుపు సగం దాకా పాకింది. మగపిట్టని ఆడపిట్టని చేసేశారు స్వామీ! ఒరిజినల్ కూడా పంపారు కాబట్టి పట్టుకోగలిగాను. లైకులు పెట్టినవాళ్లలో ఒక్కరూ అడగలేదంటే వాళ్లు ముక్కు చూడలేదన్నమాట.

ప్రశ్న: భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోట ఉల్లంకిపిట్టల్ని పొద్దున్న పదింటికి తీశాను. షార్ప్‌నెస్ 100 పెట్టినా మసకే. లెన్స్ పాడైందా?
— ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: లెన్స్ నిక్షేపంగా ఉందమ్మా. కాలిన ఇసుక మీద గాలి పెనం మీద ఆవిరిలా ఆడుతోంది, దాంట్లోంచి తీశారు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచెయ్యదు. కొత్తగా వస్తున్నవి సరిచేసినట్టు నటిస్తాయి, అక్కడ లేని ఈకలు గీసి పెడతాయి. సూర్యుడు లేచిన గంటలోపు వెళ్లండి. మన తీరంలో పొద్దున్న ఎండ సముద్రం వైపు నుంచి వస్తుంది కాబట్టి, నీళ్లకి వీపు పెట్టి నిలబడేలా చోటు చూసుకోండి. లేదంటే పిట్టలన్నీ నల్లటి నీడలే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. కంబాలకొండలో ఎట్రింతని (చీలిన తోక ఉండే నల్లపిట్ట) తీసి ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఒక పెద్దాయన "నాయిస్ ఎక్కువ, డిలీట్ చేసెయ్" అన్నారు. వీడు ఆ నాయిస్, అంటే ఫొటో మీది గరుకు, తీసేసి మళ్లీ పెట్టాడు. ఈసారి అందరూ "సూపర్" అన్నారు. అప్పట్నుంచి కెమెరా ముట్టుకోవట్లేదు. రెండు ఫొటోలూ పంపుతున్నాను. అసలు ఎదుటివాళ్ల ఫొటో గురించి ఎలా చెప్పాలి?
— ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: అమ్మా, ఆ పెద్దాయన్ని తిట్టే అర్హత నాకు లేదు. కొన్నేళ్ల కిందట నేనూ ఒక కుర్రాడికి పదిమందిలో "ఇందులో ఏముంది?" అన్నాను. నిజంగా అడుగుతున్నాననుకున్నాను, వాడికి అలా వినపడలేదు. తర్వాత వాడు మాతో రావడం మానేశాడు. అప్పట్నుంచి తప్పులు చెప్పాల్సి వస్తే విడిగా ఫోన్ చేస్తున్నాను. మొదటి మాటగా "ఏం చూసి నొక్కావు నాన్నా?" అని అడుగుతున్నాను. జవాబు విన్నాక సగం విమర్శలు నాకే అనవసరం అనిపిస్తాయి.

"సూపర్" కూడా "డిలీట్" లాంటిదే. ఫొటోలో ఏ మూల గురించో చెప్పదు. పిల్లలకి అది తెలిసిపోతుంది, బహుశా అందుకే ముట్టుకోవట్లేదేమో.

మీవాడి ఫొటో గురించి నేను చెప్పాలనుకున్నది ఇక్కడే రాస్తాను, చదివి వినిపించండి.

బాబూ, ముక్కున ఉసిలి పురుగు ఉంది, దాని ఒక రెక్క ఊడి గాల్లో ఉంది. ఆ క్షణం దొరకడానికి నేను ఎన్ని వానాకాలాలు తిరిగానో. చెట్ల కింద, తెల్లవారుజామున, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 6400. నాయిస్ రాక ఏమొస్తుంది? నీ మొదటి ఫొటోలో ముక్కు మొదట్లో, నోటి మూల దగ్గర, ఆవగింజంత తెల్లచుక్క ఉంది. ఎట్రింతకి అది గుర్తు. రెండో ఫొటోలో చూడు, లేదు. డీనాయిస్‌ని చివరిదాకా తోసేశావు, అది ఆ చుక్కని కూడా గరుకే అనుకుని తుడిచేసింది. ఉసిలి రెక్కలో సన్నగీతలు కూడా పోయాయి. వెనకున్న ఆకుల్ని మాస్క్ చేసి (అంతవరకే ఎంచుకుని) అక్కడ మాత్రం నాయిస్ తియ్యి. పిట్టని వదిలెయ్యి, కాస్త గరుకుంటే ఉండనీ.

కన్ను నలుపులో కలిసిపోయింది. తల మీద మాత్రమే బ్రష్‌తో అర స్టాప్ ఎత్తితే చాలు, కంట్లో ఆకాశం చుక్కలా కనపడుతుంది. ఒళ్లంతా ఎత్తావంటే నల్లపిట్ట బొగ్గు బూడిదలా అయిపోతుంది. ఎడమపక్క పుల్లని చెరిపెయ్యాలని నీకు చెయ్యి దురద పెట్టి ఉంటుంది. చాలా పోటీల్లో అలా చెరిపితే ఒప్పుకోరు. అయినా ఆ పుల్ల నాకు అడ్డం అనిపించలేదు, అది వాలిన చెట్టుదే కదా.

ఒక్క అనుమానం. రెండుగా చీలిన తోకలో కుడి చివర ఫ్రేము బయట ఉంది. అక్కడే తెగిందా, నువ్వు కత్తిరించావా? కత్తిరించి ఉంటే ఒరిజినల్ ఫైల్ పంపు. ఆ తోక చూడాలని ఉంది.