సముద్రం దాటిన అమ్మ, ఓడ ఎక్కుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. నేను ఎనిమిదేళ్లుగా కువైట్‌లో ఇంటి పని చేస్తున్నాను. వచ్చేటప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. దాన్ని మా అత్తగారు పెంచారు. మా ఆయన కొబ్బరికాయల ఒలుపు పనికి వెళ్తారు. పాప ఇప్పుడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎం.పి.సి. చదువుతోంది. కంప్యూటర్ ఇంజనీరింగ్ చేసి, హైదరాబాదులో ఉద్యోగం తెచ్చుకుంటే నేను ఇంటికి వచ్చేయొచ్చని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. మొన్న ఫోన్‌లో మర్చంట్ నేవీలో చేరతానంది. ఓడ మీద ఆఫీసరు అవుతుందట. మా పుట్టింటివాళ్లది ఐ.పోలవరం వైపండి, వేట మీద బతికినవాళ్లం. 96 తుఫానులో వేటకెళ్లిన మా చిన్నాన్న తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు. ఆ భయంతో 'నా చెమటంతా నీళ్లలో పోస్తావా' అని అరిచాను. అప్పటినుంచి 'ఊ', 'సరే' తప్ప మాట్లాడటం లేదు. మా ఆయనేమో 'ఆడపిల్లకి ఓడలేంటి, రేపు ఎవరు చేసుకుంటారు' అంటున్నారు. ఇక్కడ మొదటి ఇంట్లో నేను పడ్డ బాధలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయిదీ అదే బతుకు అవుతుందేమోనని భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు:

అమ్మా, ఓడ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఫోన్ సంగతి చూడండి.

ఊళ్లో ఉన్న తల్లి కూతురి మీద అరిస్తే, రాత్రి అన్నం పెట్టేటప్పటికి ఆ కోపం సగం పోతుంది. జడ వేస్తున్నప్పుడు మిగతా సగం పోతుంది. మీకు ఆ అవకాశం లేదు. ఎనిమిదేళ్లుగా ఆ పిల్లకి అమ్మంటే ఫోన్‌లో వినపడే గొంతే. ఆ గొంతు ఎక్కడ ఆగిపోయిందో, మీ అమ్మాయి ఇంకా అక్కడే నిలబడి ఉంది. కాబట్టి ఈ రోజే ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. 'ఆ రోజు అరిచాను. మా చిన్నాన్న గుర్తొచ్చి భయం వేసింది. నువ్వు చెప్పింది నాకు సరిగ్గా తెలియదు, తెలుసుకోవాలని ఉంది. శుక్రవారం తీరిగ్గా మాట్లాడుకుందాం.' ఇంతే చాలు. చివర్లో 'కానీ' అని ఒక్క మాట కూడా కలపకండి. 'ముందు చదువు మీద దృష్టి పెట్టు' అన్నది కూడా వద్దు. ఆ మాట వినగానే పిల్లలకి ముందు చెప్పిందంతా చెరిగిపోతుంది.

ఇక మీ భయం. అది ఉత్త భయమని నేను అనను. 1996 నవంబరు 6 గురించి కోనసీమలో ఎవరిని అడిగినా ఇప్పటికీ గొంతు మారుతుంది. ఇంటి మనిషిని సముద్రానికి ఇచ్చుకున్నవాళ్లు 'సముద్రం' అన్న మాటకే ఉలిక్కిపడతారు. అందులో తప్పేమీ లేదు. అయితే మీ చిన్నాన్న వెళ్లిన పడవా, మీ అమ్మాయి ఎక్కాలనుకుంటున్న ఓడా ఒకటి కాదు. ఈ ఓడలకి ఉపగ్రహాల ద్వారా ఎప్పటికప్పుడు వాతావరణ సమాచారం అందుతుంది. ముందే తుఫాను కబురు తెలిస్తే దారి మార్చుకుంటాయి. అసలు ప్రమాదాలే జరగవని కాదు. ఆ రోజు మీవాళ్లకి దొరకని సమాచారం వీళ్లకి దొరుకుతుందని మాత్రం చెప్పగలను.

మీకు ఒక సంగతి చెప్పాలి. 2015 జూన్‌లో కాకినాడ నుంచి బయలుదేరిన 'దుర్గమ్మ' అనే వేట పడవ ఇంజిన్ చెడిపోయి, లంగరు కూడా తెగిపోయి, బంగాళాఖాతంలో కొట్టుకుపోయింది. అందులో ఏడుగురు ఉన్నారు. పదిహేనేళ్ల కుర్రాడి దగ్గర్నుంచి యాభై ఏళ్ల పెద్దాయన దాకా. ఒడిశా గోపాల్‌పూర్ తీరం దగ్గర సముద్రంలో ఉన్న ఆ పడవ, షిప్పింగ్ కార్పొరేషన్ వారి 'సంపూర్ణ స్వరాజ్య' అనే ఆయిల్ ట్యాంకర్ కంటపడింది. భయంకరమైన గాలి, అలలు. అయినా ఆ ఓడ కెప్టెన్ వెనక్కి తగ్గకుండా ఏడుగుర్నీ ఓడలోకి ఎక్కించుకున్నారు. ఆ కెప్టెన్ పేరు రాధికా మేనన్. మన దేశ మర్చంట్ నేవీలో కెప్టెన్ అయిన మొదటి మహిళ ఆవిడ. ఆ సాహసానికి 2016లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ అవార్డు ఇచ్చింది. ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ కూడా ఆవిడే. మీ చిన్నాన్న లాంటి ఏడుగురు ఆ రోజు ఇళ్లకి తిరిగి వెళ్లారు. ఆడపిల్లకి ఓడలేంటని మీ ఆయన అంటున్నారు కదా, ఈ సంగతి ఆయనకి మీరే చెప్పండి.

మర్చంట్ నేవీ అంటే యుద్ధాల నేవీ కాదని కూడా చెప్పండి. ఇవి సరుకు మోసే ఓడలు. వీటిలో ఆఫీసర్లు రెండు వైపులు. ఓడని నడిపేవాళ్లు డెక్ వైపు, యంత్రాలు చూసుకునేవాళ్లు ఇంజిన్ వైపు. మన ప్రభుత్వం 2008లో పెట్టిన ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ దీనికోసం ఐ.ఎం.యు. సెట్ అనే పరీక్ష పెడుతుంది. సాధారణంగా ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి అరవై శాతం మార్కులు రావాలి, టెన్త్‌లో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లీషులో యాభై శాతం రావాలి. డెక్ వైపుకి మూడేళ్ల నాటికల్ సైన్స్ డిగ్రీ ఉంది, ఏడాది డిప్లొమా ఉంది. ఇంజిన్ వైపుకి నాలుగేళ్ల మెరైన్ ఇంజనీరింగ్. ఏ దారిలో వెళ్లినా కొన్ని నెలలు ఓడ మీద శిక్షణ పూర్తి చేసి, ప్రభుత్వ పరీక్ష పాసైతేనే ఆఫీసరు.

వీటన్నిటికంటే ముందు జరగాల్సింది ఒకటుంది. కంటి పరీక్ష. మీ అమ్మాయికి కళ్లద్దాలు ఉన్నాయో లేవో మీరు రాయలేదు. డెక్ వైపు వెళ్లాలంటే అద్దాలు లేకుండానే చూపు బాగుండాలి. ఇంజిన్ వైపు కొంత సడలింపు ఉంది. రంగులు సరిగ్గా గుర్తుపట్టడం మాత్రం రెండు వైపులా తప్పనిసరి. ఈ ఒక్కటి చూసుకోకుండా కోచింగుకి డబ్బు కట్టి, పరీక్ష రాసి, సీటు కూడా వచ్చాక మెడికల్‌లో ఆగిపోయిన పిల్లలున్నారు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడం చాలా కష్టం. ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ (డి.జి. షిప్పింగ్) ఆమోదించిన డాక్టర్ల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. అందులో ఉన్న డాక్టరుకే చూపించండి, ఊళ్లో కళ్లజోళ్ల షాపులో కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 'మా అమ్మాయిదీ అదే బతుకు అవుతుందేమో' అన్నారు చూడండి, మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాట అది. మీకు అలల కంటే ఒంటరితనం అంటేనే ఎక్కువ భయమని నాకు అనిపిస్తోంది. భాష రాని ఇల్లు, చేతిలో లేని పాస్‌పోర్టు, జ్వరమొచ్చినా ఆగని పని, ఏడవడానికి బాత్‌రూమ్. ఖద్దామా వీసా మీద, అంటే ఇంటి పనివాళ్ల వీసా మీద వెళ్లిన మన వైపు ఆడవాళ్లు చెప్పగా ఇవన్నీ నేను విన్నాను. వాళ్లలో దాదాపు ఎవరూ వీటిని సొంత పిల్లలకి చెప్పలేదు. పిల్లలకి కనిపించేది నెలనెలా వచ్చే డబ్బు, సెలవుకి వచ్చినప్పుడు తెచ్చే చాక్లెట్లు, సెంటు సీసాలు. అందుకే సముద్రం దాటి వెళ్లడం వాళ్లకి అంత కష్టంగా తోచదు.

మీ అమ్మాయికి ఆ నిజం చెప్పండి. భయపెట్టి మానిపించడానికి కాదు. ఆమె నిర్ణయం తీసుకోబోతోంది. దానికి కావలసిన అనుభవం మీ ఇంట్లో మీ ఒక్కరికే ఉంది. మనవాళ్లెవరూ లేని చోట ఆరు నెలలు ఎలా గడుస్తాయో ఏ కోచింగ్ సెంటరూ చెప్పదు, మీరు చెప్పగలరు. క్యాడెట్‌గా, అంటే శిక్షణలో ఉన్న ఆఫీసరుగా, ఒక విడత ఓడెక్కితే ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ ఓడ మొత్తం మీద తనొక్కతే ఆడపిల్ల కావచ్చు. 2021లో అంతర్జాతీయ షిప్పింగ్ సంఘాలు వేసిన లెక్క ప్రకారం ప్రపంచంలో ఓడల మీద పనిచేసేవాళ్లలో ఆడవాళ్లు 1.28 శాతమే. వేధింపులు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. ఇవన్నీ విన్నాక కూడా 'వెళ్తానమ్మా' అంటే, ఆ మాటకి బలం ఉన్నట్టు. ఇంజనీరింగ్ అంటే విసుగు పుట్టి, దాన్నుంచి పారిపోవడానికి ఓడ పేరు చెబుతోందేమో కూడా ఆ మాటల్లోనే తేలిపోతుంది. హాస్టల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా లెక్కలు చేసే పిల్లలకి ఎక్కడికైనా పోవాలనిపించడం సహజం. 'ఈ ఆలోచన నీకు మొదట ఎప్పుడొచ్చింది?' అని మామూలుగా అడగండి. జవాబు మధ్యలో అందుకోకండి.

ఒక తేడా మాత్రం మీరు కూడా తెలుసుకోవాలి. ఓడల మీద పనిచేసేవాళ్లకి 2006లో జరిగిన ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. మన దేశం 2015లో దానికి ఒప్పుకుంది. రోజుకి కనీసం పది గంటల విశ్రాంతి, రాతపూర్వకమైన కాంట్రాక్టు, గడువు ముగిస్తే కంపెనీ ఖర్చుతో ఇంటికి రావడం, ఓడ మీదే ఫిర్యాదు చేసే ఏర్పాటు, ఇవన్నీ అందులో ఉన్నాయి. కాగితం మీద ఉన్నదంతా ప్రతిచోటా జరుగుతుందని కాదు. అడగడానికి ఒక కాగితమైతే ఉంది. మొదటి ఇంట్లో మీ చేతికి అదీ వచ్చి ఉండదు.

అదే ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పిస్తామని ఓడ పనివాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మోసాలన్నీ ఇక్కడే జరుగుతాయి. 'ఇంత కడితే నేరుగా ఓడ ఎక్కిస్తాం', 'స్పాన్సర్‌షిప్ లెటరు ఇప్పిస్తాం' అనే ఏజెంట్లు మన జిల్లాల్లోనూ తిరుగుతుంటారు. కంపెనీకి ఓడల మీదకి మనుషుల్ని తీసుకునేందుకు ఇచ్చే ఆర్.పి.ఎస్.ఎల్. అనే లైసెన్సు ఉందా, కాలేజీకి డి.జి. షిప్పింగ్ ఆమోదం ఉందా అన్నది మీ అమ్మాయే వెబ్‌సైట్‌లో చూసి మీకు చూపించాలి. ఆ పని తనకే అప్పగించండి. చదువు పూర్తయ్యాక మొదటి ఓడ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లు కూడా ఉన్నారని ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. మీరు కువైట్ వచ్చేముందు ఏజెంటుకి ఎంత కట్టారో, ఏం నమ్మి కట్టారో కూడా దాయకుండా చెప్పండి. ఆ పాఠం మీ అమ్మాయికి ఎక్కడా దొరకదు.

పెళ్లి గురించి ఒక్క మాటే. పదిహేడేళ్ల పిల్ల చదువుని, ఇంకా ఎవరో తెలియని అల్లుడి ఇష్టాన్ని బట్టి తేల్చకండి. మీ ఆయనతో వాదించే బదులు, సెలవుల్లో అమ్మాయిని వెంటబెట్టుకుని ఒకరోజు కాకినాడ వెళ్లి రమ్మనండి. అక్కడ లంగరేసిన ఓడలు ఒడ్డు నుంచే కనిపిస్తాయి, బార్జీల మీద బియ్యం బస్తాలు వాటి దాకా వెళ్తుంటాయి. తండ్రీకూతుళ్లిద్దరూ ఒక పూట అక్కడ గడిపితే, ఫోన్‌లో నెల రోజులు మాట్లాడినా తేలనిది కొంత తేలుతుంది.

ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) మానమని మాత్రం అనకండి, తననీ మానొద్దని చెప్పండి. రెండు పరీక్షలకీ ముఖ్యంగా చదివేది ఆ మూడు సబ్జెక్టులే, ఐ.ఎం.యు. సెట్‌లో ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ లాంటివి అదనం. ఐ.ఎం.యు.లో సీటు రాకపోయినా, మెడికల్‌లో డెక్ కుదరకపోయినా దారులున్నాయి. మెకానికల్ ఇంజనీరింగ్ చేసినవాళ్లు తర్వాత ఒక ఏడాది కోర్సుతో ఓడ ఇంజిన్ వైపు వెళ్లొచ్చు. కంప్యూటర్ బ్రాంచికి ఆ వీలు లేదు. కాబట్టి బ్రాంచి ఎంచుకునే రోజున ఈ సంగతి ఇద్దరికీ గుర్తుండాలి. ఓడ ఎక్కడం వద్దు, ఓడలంటే ఇష్టం అని తేలితే, ఆ యూనివర్సిటీ విశాఖపట్నం క్యాంపస్‌లో ఓడల డిజైన్ నేర్పే బి.టెక్. ఉంది.

ఇంకొకటి, మీరు అడగనిది. దానికి ఉద్యోగం వస్తే నేను ఇంటికి వచ్చేయొచ్చు అని రాశారు. ఆ మాట మీరు పైకి అనకపోయినా మీ అమ్మాయికి తెలుసు. గల్ఫ్‌లో ఉన్న తల్లుల పిల్లలు ఇది చాలా చిన్న వయసులోనే లెక్క వేసుకుంటారు. నేను ఏం ఎంచుకుంటే అమ్మ తొందరగా వస్తుంది అని. ఏ కోర్సు గురించి ఆలోచించినా ఆ లెక్క అడ్డొస్తూనే ఉంటుంది. దయచేసి మీ రాకని తన ఉద్యోగం నుంచి విడదీయండి. అప్పు ఎంత మిగిలింది, ఇల్లు ఎంతవరకు వచ్చింది, అకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి) ఎప్పటిదాకా ఉంది అని కూర్చుని చూసుకుని, మీ రాకకి మీరే ఒక సంవత్సరం అనుకోండి. అనుకున్నాక అది మీ అమ్మాయికి చెప్పండి. మీకూ ఇంటికి రావాలన్న ఆశ ఉంది కదమ్మా, ఎనిమిదేళ్లుగా దాన్ని పక్కన పెట్టుకునే ఉన్నారు.

ఈ శుక్రవారం అవుననీ కాదనీ తేల్చకండి. కంటి పరీక్ష రిపోర్టు వచ్చాక మళ్లీ మాట్లాడుకుందాం అనండి. పరీక్షకి తీసుకెళ్లడానికి నాన్నో నానమ్మో ఉంటారు. ఆ రోజు మీరు యజమానురాలిని ఒక గంట అడిగి తీసుకుని ఫోన్‌లో ఉండండి. రిపోర్టులో ఏముందో ముందు మీకే చెప్పుకుంటుంది.