స్టార్ పిచర్‌కి విశ్రాంతి ఇవ్వాల్సింది ఏప్రిల్‌లో, సెప్టెంబర్‌లో కాదు

ప్రశ్న: “162 మ్యాచ్‌ల మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్‌లో జట్టులో మేటి పిచర్ (బంతి విసిరేవాడు) అక్టోబర్‌లో జరిగే ప్లేఆఫ్స్ (విజేతని తేల్చే చివరి దశ) దాకా నిలబడాలంటే ఏం చేయాలి? మ్యాచ్‌కి 100 పిచ్‌లు (విసిరే బంతులు) దాటకుండా చూసుకుంటే సరిపోతుందా?”

సరిపోదు. 100 అనేది టీవీ తెర మూలన కనిపించే అంకె, అంతే. లెక్కపెట్టడం తేలిక కాబట్టి అందరూ దాన్నే పట్టుకు వేలాడుతున్నారు. 95 పిచ్‌లు వేసి దిగిపోయాడంటాం. ఆటకి ముందు బుల్‌పెన్‌లో (పిచర్లు చేయి వేడెక్కించుకునే చోట) వేసినవి 30, 40 ఉంటాయి. ప్రతి ఇన్నింగ్స్ (ముగ్గురు అవుటైతే ఒకటి ముగుస్తుంది, మ్యాచ్‌కి తొమ్మిది) మొదట్లో మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) మీద వార్మప్‌కి ఐదారు. అన్నీ కలిపితే ఆ రాత్రి చేయి తిరిగింది 160, 170 సార్లు. మిగతావి స్కోర్‌బోర్డుకి ఎక్కవు, మోచేతికి మాత్రం ఎక్కుతాయి.

పైగా పిచ్‌లన్నీ ఒక్కటి కాదు. ఏడు ఇన్నింగ్స్‌లకి పరుచుకున్న 95 వేరు. బేస్‌ల (పరుగు దారిలో ఆగే చోట్ల) నిండా రన్నర్లుండగా ఒకే ఇన్నింగ్స్‌లో 35 వేసి, నాలుగో ఇన్నింగ్స్‌కే 80కి చేరడం వేరు. నన్నడిగితే, ఒక ఇన్నింగ్స్‌లో 30 దాటిన రోజున మొత్తం కోటాలోంచి 15 కోసేయాలి, తర్వాతి వంతు (అతను మళ్ళీ మ్యాచ్ మొదలుపెట్టే రోజు) ఒక రోజు వెనక్కి జరపాలి.

అలసట ఎలా కనిపిస్తుందో చూడాలంటే 2008లో స్టార్ పిచర్ సీసీ సబాథియాని చూడండి. జులైలో క్లీవ్‌లాండ్ జట్టు నుంచి మిల్వాకీకి వచ్చాడు. 17 మ్యాచ్‌లు మొదలుపెట్టి, ఏడింటిని చివరి పిచ్ దాకా తానే వేశాడు. సెప్టెంబర్ ఆఖర్లో వరసగా మూడుసార్లు, మామూలుగా ఇచ్చే నాలుగు రోజులకి బదులు మూడు రోజుల విశ్రాంతితోనే దిగాడు. 28న షికాగో కబ్స్ జట్టు మీద పూర్తి మ్యాచ్ వేసి గెలిపించాడు. 1982 తర్వాత మిల్వాకీ మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. మళ్ళీ మూడు రోజులకే అక్టోబర్ 2న ఫిలడెల్ఫియాలో మౌండ్ ఎక్కాడు. రెండో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్. ఎదురుగా బ్రెట్ మయర్స్. అతనూ పిచరే, బ్యాటు పట్టడం రానివాడు. మూడు పడితే బ్యాటర్ అవుటయ్యే స్ట్రయిక్‌లు రెండు పడ్డాయి. ఇంకొక్కటి పడితే ఇన్నింగ్స్ అయిపోయేది. పడలేదు. మయర్స్ బంతిని గీత బయటికి కొట్టి ఫౌల్ చేస్తూ, వదిలేస్తూ మొత్తం తొమ్మిది పిచ్‌లు ఆడి వాక్ (గురి తప్పిన నాలుగు పిచ్‌లకి ఊరికే దక్కే మొదటి బేస్) తీసుకున్నాడు. తర్వాత రోలిన్స్‌కీ వాక్. ఆ తర్వాత విక్టొరీనో గ్రాండ్ స్లామ్, ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు. నాలుగో ఇన్నింగ్స్ ముగియకుండానే సబాథియా దిగిపోయాడు. అప్పటికి 98 పిచ్‌లు.

గమనించాల్సింది ఏమిటంటే, అలసటకి చాలాసార్లు ముందు పోయేది వేగం కాదు, గురి. వేగం కొన్నిసార్లు తగ్గకుండా నిలుస్తుంది కూడా, కాళ్ళలో బలం తగ్గాక భుజంతో లాగుతాడు కాబట్టి. రాడార్ గన్ చూసి “బాగానే ఉన్నాడు” అనుకునే మేనేజర్ అక్కడే మోసపోతాడు. చూడాల్సింది బంతి చేతిని వదిలే ఎత్తు: మొదటి ఇన్నింగ్స్ కంటే రెండు మూడు అంగుళాలు కిందికి జారిందా? ఫాస్ట్‌బాల్ విసిరే చేతి వైపు పైకి తప్పిపోతోందా? స్లైడర్ (చివర్లో పక్కకి తిరగాల్సిన పిచ్) విరగకుండా నడిమధ్యలో తేలుతోందా? క్యాచర్ (పిచ్‌లు పట్టేవాడు) గ్లవ్ పెట్టిన చోట కాక పక్కకి చాచి పట్టుకుంటున్నాడా? వెనకటికి ఇంకో గుర్తు ఉండేది, పిచ్‌కీ పిచ్‌కీ మధ్య ఆగి ఊపిరి తీసుకోవడం. 2023లో పిచ్ క్లాక్ (పిచ్ వేయడానికి గడువు పెట్టే గడియారం) వచ్చాక అదీ పోయింది. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లే. పిచర్ ఆయాసాన్ని దాచుకునే చోటు లేదు, తీర్చుకునే చోటూ లేదు.

ఇక సీజన్ లెక్క. ఐదుగురు పిచర్లు వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే రొటేషన్‌లో ఒక్కొక్కరికి 32, 33 వంతులు వస్తాయి. స్టార్‌కి వాటిని 28, 29కి దించితే, వంతుకి ఆరు ఇన్నింగ్స్ చొప్పున పాతిక దాకా మిగులుతాయి. వాటిని ఎక్కడ మిగల్చాలన్నదే అసలు సంగతి. 2012లో వాషింగ్టన్ జట్టు తన పిచర్ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌ని, మోచేతి ఆపరేషన్ అయిన రెండేళ్ళకి, ఏప్రిల్ నుంచీ మామూలు వంతుల్లోనే వాడి, 159 ఇన్నింగ్స్ దాటాక సెప్టెంబర్ మొదట్లో పక్కన కూర్చోబెట్టింది. అక్టోబర్‌లో అతను లేకుండానే ప్లేఆఫ్స్‌లో కార్డినల్స్ జట్టు చేతిలో సిరీస్ ఐదో మ్యాచ్‌లో ఓడింది, 6-0 ఆధిక్యం పోగొట్టుకుని మరీ. పరిమితి తప్పని నేననను. అదే 159ని ఆరేడు రోజులకోసారి చొప్పున మొదటి మూడు నెలల్లో పలచగా పరిస్తే అక్టోబర్‌కీ మిగిలేవి. నెల మొదట్లో జీతం దులిపేసి ఆఖరి వారం పస్తుండటం పొదుపు అవుతుందా?

పలచగా పరచడం చెప్పినంత తేలిక కాదు, అదీ ఒప్పుకోవాలి. ఆరో స్టార్టర్‌ని (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్‌ని) మైనర్స్ (కింది స్థాయి లీగ్‌లు) నుంచి పిలవాలంటే 26 మంది జట్టులో పిచర్లు 13 మందికి మించకూడదు. వచ్చినవాడి కోసం ఇంకొకర్ని కిందికి పంపాలి. పంపిన పిచర్‌ని, ఎవరైనా గాయపడితే తప్ప, 15 రోజుల దాకా వెనక్కి తేలేరు. ఒకే ఆటగాణ్ణి సీజన్‌లో ఐదుసార్లకి మించి అలా తిప్పడానికీ లేదు. కాబట్టి ముందు ఉచితంగా దొరికేవి వాడుకోండి. జట్టుకి సెలవు రోజు వచ్చినప్పుడు ఐదోవాణ్ణి దాటేసి స్టార్‌ని ముందుకి లాగకండి, ఆ రోజు అతనికే కలపండి. జులై మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామానికి ముందు త్వరగా వేయించి, తర్వాత రొటేషన్‌లో ఆఖర్న పెడితే ఎనిమిది, పది రోజులు ఊరికే వస్తాయి.

వంతుల మధ్య బుల్‌పెన్ సెషన్ రెండో రోజో మూడో రోజో ఉంటుంది, 25, 30 పిచ్‌లు. ఆగస్టు వచ్చాక దాన్ని 15కి కోయండి, లేదా మౌండ్ వదిలి చదును నేల మీద వేయించండి. పూర్తిగా మాన్పిస్తే మాత్రం చేతి లయ పోతుంది.

2022 ఏప్రిల్‌లో ఏడు ఇన్నింగ్స్‌లలో ఒక్కణ్ణీ బేస్ ఎక్కనివ్వని డాడ్జర్స్ పిచర్ కర్షాని 80 పిచ్‌లకే దించేశారని ఇప్పటికీ తిట్టేవాళ్ళున్నారు. జట్ల యజమానుల లాకౌట్ వల్ల ఆ ఏడాది వసంత శిక్షణ కుదించుకుపోయింది, చేయి ఇంకా అలవాటు పడలేదు. రికార్డు పుస్తకం కోసం ఒక చేతిని ఖర్చుపెట్టమనే అభిమానికి ఆ చేతి మీద జాలి ఎందుకుంటుంది?

చివరగా ఒక మాట. భుజం నొప్పి అంటే ఆలోచించవచ్చు. “ముంజేయి బిగుసుకుంది” అన్నాడంటే ఆ పూటే ఆపి స్కాన్‌కి పంపండి. మోచేతి లిగమెంట్ చాలాసార్లు ముందు అక్కడే చెబుతుంది. ఇంకొక్క వంతు చూద్దాం అనుకుని అది తెగితే, టామీ జాన్ ఆపరేషన్ (ఆ లిగమెంట్‌ని బాగుచేసే శస్త్రచికిత్స) తర్వాత తిరిగి మౌండ్ ఎక్కడానికి 12 నుంచి 18 నెలలు.