గడువు ఉంటే చాలా?

ప్రశ్న: మా సీఎస్‌ఎస్‌డీ (ఆసుపత్రి పరికరాలను క్రిమిరహితం చేసే విభాగం) స్టోర్‌లో పాత పరికరాల సెట్లు అడుగునే ఉండి గడువు తీరిపోతున్నాయి. ఏం చేయాలి?
– స్టాఫ్ నర్సు

జవాబు: కొత్తవి వెనక పెట్టి, ముందున్నవే ఇవ్వండి. వార్డుల్లో అదనంగా దాచుకోవడమే చాలాచోట్ల అసలు చిక్కు. రోజువారీ వాడకాన్ని బట్టి కోటా పెట్టి, మిగిలినవి వారానికోసారి వెనక్కి రప్పించండి. లేబుల్‌పై తేదీతో పాటు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం), లోడ్ (అందులో ఒకేసారి పెట్టిన సెట్లు) నంబర్లు తప్పనిసరి. క్రిములు నిజంగా చచ్చాయో లేదో చూసే స్పోర్ టెస్టు ఫెయిలైతే ఆ లోడ్ సెట్లను వెతికి పట్టుకునేది వాటితోనే.

గడువున్నా ప్యాక్ తడిసినా, చిరిగినా, నేలపై పడినా వాడొద్దు. వేడి సెట్టును చల్లటి స్టీలు బల్లపై పెడితే అడుగున ఆవిరి నీరై గుడ్డ తడుస్తుంది, ఆ తడి వెంటే క్రిములు లోపలికి చేరతాయి. పూర్తిగా చల్లారేదాకా ట్రాలీపైనే ఉంచండి. అరలు నేలకు కనీసం 20 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి.