అనంతపురంలో రోజూ ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తే బరువు తగ్గుతారా? మోకాళ్లు నొప్పెట్టవా?

తగ్గుతారు, కాకపోతే నెమ్మదిగా. 70 కిలోల మనిషి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో రానూపోనూ 12 కిలోమీటర్లు తొక్కితే సుమారు 300 కేలరీలు ఖర్చవుతాయి. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కావాలి. అంటే వారానికి ఐదు రోజుల లెక్కన ఐదు వారాలు. దారిలో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీల దగ్గర ఆగితే ఆ లెక్క అక్కడికక్కడే చెల్లు!

మోకాళ్ల ముందువైపు నొప్పికి ఎక్కువసార్లు కారణం సీటు మరీ కిందికి ఉండడమే. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు దానిమీద మడమ పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. తొక్కేది మాత్రం పాదం ముందుభాగంతో. గేర్లుంటే తేలికైనది వేసి నిమిషానికి 70–80 చుట్లు తిప్పండి. టైరు పక్కన అచ్చేసిన అంకె చూసి గాలి కొట్టించండి. మట్టిదారి పట్టారో, పల్లేరుకాయలు ట్యూబును వదలవు. ఎండాకాలంలో ఎనిమిదిలోపే ఆఫీసు చేరండి.