చేపలు తిని ఆస్పత్రి పాలయ్యాం, బిల్లు లేదు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది నల్గొండ. మృగశిర కార్తె నాడు మార్కెట్లో రెండు కిలోల బొచ్చె చేప కోయించుకొని తెచ్చాం. డబ్బులు ఫోన్‌పేలో కొట్టాం, బిల్లు ఇవ్వలేదు. మర్నాడు ఇంట్లో నలుగురికీ వాంతులు, మోషన్లు. అమ్మకు సెలైన్ ఎక్కించారు, పరీక్షలో సాల్మొనెల్లా అనే క్రిమి వల్లే అని తేలింది. అమ్మినతన్ని అడిగితే ‘మీరే సరిగ్గా వండుకోలేదు’ అంటున్నాడు. వారమైంది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. బిల్లు లేదన్న టెన్షన్ వదిలేయండి. ఫోన్‌పేలో డబ్బు ఎవరికి, ఎప్పుడు వెళ్లిందో ఉంటుంది కదా, కొన్నారనడానికి అది రుజువే. సరుకు అమ్మి బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది.

అసలు చిక్కు, ఆ రోగం ఆ చేప నుంచే వచ్చిందని చూపించడం. ముక్క బాగా ఉడికితే సాల్మొనెల్లా చచ్చిపోతుంది. కాబట్టి అవతలి వకీలు ముందు మీ వంట గురించే అడుగుతాడు. అయితే కూర బాగా ఉడికినా, పచ్చి చేప కడిగిన చేతుల నుంచి, కత్తి నుంచి అది ఉల్లిగడ్డ ముక్కలకో, మంచినీళ్లకో అంటుకోవచ్చు. ఎటు చూసినా తప్పు మీ వంటింటిదేనని అనడానికి వీలుంది. అందుకే మీ ఇంటి నలుగురి సాక్ష్యం కన్నా, అదే రోజు అదే బండి దగ్గర కొని జబ్బుపడ్డ ఇంకో ఇంటివాళ్ల సాక్ష్యం ఎక్కువ బరువు తూగుతుంది. చుట్టుపక్కల ఆరా తీయండి. వండకుండా మిగిలిన ముక్కలు ఫ్రీజర్‌లో ఉంటే పారేయకండి. అయితే ఇన్నాళ్లు మీ దగ్గరున్న ముక్క కాబట్టి దాని మీదే ఆధారపడలేం.

ఇక ఆలస్యం చేయకుండా జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. చేప అయిపోయింది గానీ కోసిన మొద్దు, వాడిన ఐసు, కడిగిన నీళ్ల తొట్టి ఇంకా అక్కడే ఉన్నాయి. ఒకే తొట్టి నీళ్లలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పేగులు తీసిన చేపలన్నీ ముంచడం, తాగడానికి పనికిరాని నీళ్లతో చేసిన ఐసు చేపల మీద పోయడం చూస్తే నాకు కోపం వస్తుంది. ఆహారాన్ని అపరిశుభ్రంగా తయారుచేసినా, ప్రాసెస్ చేసినా 2006 ఆహార భద్రత చట్టం 56వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఆహారం సురక్షితం కాదని తేలి, దానివల్ల మనిషికి హాని జరిగితే, అది తీవ్రమైనది కాకపోయినా, 59వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 3 లక్షల దాకా జరిమానా. మీలాంటి కేసులో 65వ సెక్షన్ కింద లక్ష దాకా పరిహారం ఇప్పించవచ్చు.

‘పచ్చి చేపకు ఈ చట్టం వర్తించదు’ అని అతను వాదించొచ్చు. ఇందులో సగమే నిజం. చెరువులో వల వేసి తాను పట్టింది తానే అమ్ముకునే మత్స్యకారుణ్ని చట్టం మినహాయించింది. కైకలూరు నుంచో, సాగర్ నుంచో డీసీఎంలో వచ్చిన చేప కొని అమ్మే వ్యాపారికి ఆ మినహాయింపు లేదు. అతను ఏ కోవకు వస్తాడో ముందే కనుక్కోండి.

పోలీసుల దగ్గరికి వెళ్లమని ఎవరైనా చెప్తే తొందరపడకండి. ఇలాంటి వాటిలో పాత శిక్షాస్మృతి (ఐపీసీ) సెక్షన్ల కన్నా ఆహార భద్రత చట్టమే పైచేయి అని 2024లో రామ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆస్పత్రి ఖర్చు, పోయిన కూలి లేదా జీతం, పడ్డ బాధకు పరిహారం కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. రెండేళ్ల గడువుంది. కొన్న సరుకు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. క్రిమినల్ కోర్టులో అడిగేంత గట్టి రుజువు కమిషన్‌లో అడగరు. ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. దారి తెలియకపోతే 1915కు ఫోన్ చేయండి.

నా అభిప్రాయం అడిగితే, ఆ ఒక్క బండివాడితోనే ఆగకండి. మార్కెట్లో మంచినీళ్ల నల్లా, మురుగు పోయే కాలువ చూసుకోవాల్సింది మున్సిపాలిటీ. ఫిర్యాదు కాపీ మున్సిపల్ కమిషనర్‌కూ ఇవ్వండి. అమ్మగారి కేస్ షీటు, కల్చర్ రిపోర్టుల కాపీలు ఆస్పత్రి ముద్రతో ఈ వారమే తీసుకోండి.