రేడియో మూగబోతే స్క్రూడ్రైవర్ ముట్టకు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

నీ కాల్‌సైన్, అంటే సర్కారు ఇచ్చే రేడియో పేరు, వచ్చిందని మీ బాపు నిన్న ఫోన్ చేసి చెప్పిండు. వచ్చీరాంగనే ఈ వానాకాలం ఏటూరునాగారంల షార్ట్‌వేవ్ స్టేషన్ పెడతనంటున్నవట. గోదారి పొంగి సెల్‌టవర్లు ఆగిపోతే కబురు అందించెటందుకని చెప్పిండు. మన ఇంట్ల ఇంకో హ్యామ్, అంటే సొంతంగ రేడియో స్టేషన్ నడిపే మనిషి, అయ్యిందని మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పుకున్న. రాత్రి మాత్రం నిద్ర పట్టలే. తెల్లారంగనే లేచి ఇది రాస్తున్న.

2023 జులైల మోరంచపల్లి మునిగింది నాకు ఇంకా కండ్ల ముందే ఉంది. నువ్వు ఎందుకు పోతనంటున్నవో నాకు సమజైంది. వద్దనను. కానీ కొన్ని మాటలు ఖచ్చితంగ వినాలె.

ముందుగాల కరెంటు తీగలు. ఏరియల్ (యాంటెనా) తీగ తెగితే ఏ దిక్కు పడుతదో చూసి కట్టు. దగ్గర్ల కరెంటు లైను ఉంటే ఆ చెట్టు ఎంత మంచిదైనా ఇడిచిపెట్టు. ఉరుము వినపడంగనే ఏరియల్ కేబుల్ ఊడదీసి కిటికీ బయట పడెయ్యి, అవతల ఎవరు మాట్లాడుతున్నా సరే. ఆ అడవి దిక్కు పిడుగులు ఎట్ల పడుతయో నేను చూసిన. బ్యాటరీలు, లాగ్‌బుక్ సంగతి నీకు చెప్పనక్కరలేదు.

ఇగ అసలు ముచ్చట. ఏటూరునాగారం మనకు నూరు కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం మాట నేలమీదంగ పోదు. నిట్టనిలువున ఆకాశానికి పంపితే, రెండు మూడు వందల కిలోమీటర్ల పైన, కరెంటు పట్టిన గాలితోని ఉండే ఎఫ్ పొర దాన్ని మళ్ళ కిందికి పంపుతది. అందుకే తీగ పది, పదిహేను ఫీట్ల ఎత్తుల ఉన్నా చాలు. 7 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీకి మొత్తం ఇరవై మీటర్ల తీగ, నడిమిట్ల కేబుల్.

ఆ పొర తయారయ్యేది సూర్యుని వెలుగుతోనే. పొద్దు పొడిస్తే గట్టిపడుతది, పొద్దుగూకినంక పలచబడుతది. పలచబడితే 7 మెగాహెర్ట్జ్ దాంట్లకెళ్లి దూసుకొని పైకే పోతది, తిరిగిరాదు. అప్పుడు 3.5కు దిగాలె. మరి పగలంతా 3.5 మీదనే ఉందామంటే, కిందనున్న డి పొర నట్టనడి పగలు దాన్ని మింగేస్తది. పగలు 7, రాత్రి 3.5. మీ అందరి జేబుల్ల ఇది రాసి పెట్టించు.

సూర్యుని మీద మచ్చలు పదకొండేండ్లకోసారి పెరిగి తగ్గుతయి. ఇప్పటి చక్రం 2019 డిసెంబర్‌ల మొదలై 2024 నాటికి శిఖరం చేరింది. మచ్చలు ఎక్కువున్నన్ని రోజులు నీకు చానా బ్యాండ్లు, అంటే ఫ్రీక్వెన్సీల వరసలు, సులువుగ దొరుకుతయి. అది నీ గొప్పనో సెట్టు గొప్పనో అనుకోకు. దిగుముఖం పట్టినంక ఇదే సెట్టు, ఇదే తీగ వేరే తీరుగ ఉంటయి.

మచ్చలు ఎక్కువున్న రోజుల్లనే ఇంకో గండం ఉంటది. దాని గురించి నాకెట్ల తెలిసిందో ఇన్నేండ్లు ఎవ్వరికీ సాంతం చెప్పలే.

1989ల మేము కాజీపేట రైల్వే క్వార్టర్ల ఉంటుంటిమి. స్వీడన్ల ఒక బడిపంతులుతోని నాకు దోస్తానా. ప్రతి సోమవారం రాత్రి ఎనిమిదింటికి 14 మెగాహెర్ట్జ్ మీద మోర్స్‌ల, అంటే చుక్కా గీతా చప్పుళ్లతోని, మాట్లాడుకునేటోళ్లం. ఆయనకు అప్పుడు మధ్యాహ్నం మూడున్నర, బడి నుంచి ఇంటికొచ్చే టైము. మార్చి 13 కూడ సోమవారమే. పిలిచిన. పలకలే. అర్ధగంట పిలిచిన. ఆయనొక్కడే కాదు, యూరప్ దిక్కు నుంచి ఒక్క స్టేషన్ లేదు, వట్టి బుస్సుమనే చప్పుడు. 7 మెగాహెర్ట్జ్‌కు తిప్పితే అదే తీగ మీద విజయవాడ మిత్రుడు పక్కింట్ల కూసున్నట్టు వినిపించిండు. తీగ మంచిగున్నదనెటందుకు అంతకంటె సాక్ష్యం ఏం కావాలె? కానీ నాకు సోయి లేదు. సెట్టు ఖరాబైందనే పట్టుబట్టిన.

రాత్రికి రాత్రి తీగ దించి ఒక కొస జానెడు కత్తిరించిన. తెల్లారి డ్యూటీ నుంచి రాంగనే ట్రాన్స్‌మిటర్ మూత ఇప్పిన. 807 వాల్వు, ఆరునూర్ల వోల్టుల సప్లై, అంతా నా చేతులతో చేసిందే. మంచిగున్న కాయిల్ ఊడదీసి మళ్ళ చుట్టిన. స్విచ్ బంద్ చేసిన, ప్లగ్గు పీకిన, ఇంకేం భయం అనుకున్న. ప్లగ్గు పీకినా కెపాసిటర్‌ల నిలిచుండే కరెంటును దించే రెసిస్టర్ ఎప్పుడో కాలిపోయిందని చూసుకోలే. కుడిచేతిల స్క్రూడ్రైవర్ ఉంది, ఎడమ చెయ్యి ఇనుప చాసిస్ మీద ఉంది. రెండు చేతుల నడుమ గుండె ఉంటది బిడ్డా.

గోడకు పోయి పడ్డ. మీ పెద్దమ్మ వంటింట్ల నుంచి ఉరికొచ్చేసరికి నాకు నోరు రాలేదట. నా ఎడమ చూపుడు వేలు మీద తెల్లమచ్చ చూసి చిన్నప్పుడు నువ్వు ఏందని అడిగితే, దీపావళి పటాకి అని చెప్పిన. అబద్ధం చెప్పిన. అది ఆ మంగళవారంది.

రెండు నెలలకు ఆయన ఉత్తరం వచ్చింది. ఆ సోమవారం ఆయన కూడ గంటసేపు నన్ను పిలిచిండట. మూడు రోజులు దూరపు స్టేషన్ ఒక్కటి వినపడలేదట, రాత్రి ఆకాశం ఎర్రగ మండిందట. వినలేకపోయినందుకు క్షమించమని రాసిండు. ఆయన మర్చిపోయిండని నేను మనసుల ఎన్ని అనుకున్ననో! సూర్యుని నుంచి ఎగిరిన ప్రవాహం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేసింది ఆనాడే. కెనడాల క్యూబెక్ రాష్ట్రం తొమ్మిది గంటలు చీకట్ల ఉన్నది. మేమిద్దరం చచ్చిపోయిన ఆకాశానికి మోర్స్ కొట్టుకుంట కూసున్నం.

నీ సెట్టు 13.8 వోల్టుల మీద నడుస్తది, నాకు తెలుసు. అయినా పవర్ సప్లై డబ్బా మూత ఇప్పకు. ఎప్పుడన్నా ఇప్పాల్సొస్తే ఒక చెయ్యి జేబుల పెట్టుకో.

రేడియో మూగబోతే ఏం చెయ్యాల్నో చెప్త. పగలు ఉన్నట్టుండి నిమిషంల అంతా ఖాళీ అయ్యిందంటే అది సౌరజ్వాల, అంటే సూర్యుని మీద ఉన్నట్టుండి ఎగిసే పేలుడు, అయ్యుంటది. దాని ఎక్స్-కిరణాలు వెలుగుతోపాటే ఎనిమిది నిమిషాల్ల వస్తయి. ముందు చెప్పే దిక్కు లేదు. ఎండ ఉన్న దిక్కే దెబ్బ పడుతది, రాత్రి దిక్కు కాదు. తక్కువ ఫ్రీక్వెన్సీలు ముందు పోతయి, ఆఖరికి వస్తయి. దూరం మాట్లాడేటోళ్లు పై బ్యాండ్లకు పోవచ్చు. మీ నూరు కిలోమీటర్లకు ఆ దారి లేదు, ఆగుడే. 2017 సెప్టెంబర్ 6న సాయంత్రం ఐదున్నరకు నా 7 మెగాహెర్ట్జ్ ఇట్లనే పోయింది. ఈసారి చేతులు ఒళ్ళె పెట్టుకొని కూసున్న. పొద్దుగూకే వేళకు మెల్లమెల్లగ గొంతులు తిరిగొచ్చినయి. కరీబియన్ దీవులల్ల అప్పుడు పొద్దుగాల ఎనిమిది, ఇర్మా తుపాను మీద పడుతున్నది. అక్కడి హ్యామ్‌ల గతి తలుచుకొని ఆ రాత్రి అన్నం సయించలే.

1989ల నేను చూసిన అయస్కాంత తుపాను వేరు. అది జ్వాల తర్వాత ఒకటి నుంచి మూడు రోజులకు వస్తది, భూమి అయస్కాంతం ఎంత కదిలిందో చెప్పే కె-సూచిక 5కు చేరితే వచ్చిందని లెక్క. అప్పుడు పై బ్యాండ్లు ముందు పోతయి, కిందికి దిగాలె. జ్వాలకు పైకి, తుపానుకు కిందికి. ఇది తారుమారు చేసినోళ్లను మస్తుమందిని చూసిన. నాకు ఉత్తరం వచ్చేదాక తెలువని సంగతి నీకు ఫోన్‌లనే దొరుకుతది. మన ఆదిత్య-ఎల్1 నౌక కూడ సూర్యుని మీద కన్నేసి ఉన్నది. ఏటూరునాగారంల ఇంటర్నెట్ పోతే 14.100 మెగాహెర్ట్జ్ మీద బీకన్లు, అంటే తమంత తామే సంకేతం పంపే స్టేషన్లు, విను. ప్రపంచమంతట 18 ఉన్నయి, వంతులవారీగ పది పది సెకండ్లు కొడుతయి. మూడు నిమిషాలు వింటే ఏ దిక్కు తెరిచుందో తెలుస్తది.

అధికారులకు మాత్రం మా రేడియో ఎప్పుడైనా పనిచేస్తదని మాట ఇయ్యకు. పోకముందే మీవాళ్లతోని టైములు కుదుర్చుకో. గంట కొట్టంగనే, అర్ధగంటకు పిలువుడు. వినపడకపోతే బ్యాండ్ మార్చి మళ్ళ పిలువుడు. అవతలోళ్లు పలకకపోతే వాళ్లను తిట్టుకోకు.

నేను రోజూ సాయంత్రం ఐదింటికి 7 మీద, రాత్రి తొమ్మిదింటికి 3.5 మీద చెవి పెట్టుకొని కూసుంట. నువ్వు వినపడకపోతే మర్నాడు అదే టైముకు మళ్ళ పిలుస్త.

నైలాన్ తాడు రెండు చుట్టలు సజ్జ మీద ఉన్నయి. ఐతారం వచ్చి తీసుకపో. పెద్దమ్మ సర్వపిండి చేస్తనంటున్నది.

నీ
పెద్దబాపు