పాత స్కాట్స్ కాగితాల్లో ఇంటికప్పు మాటలు: కపుల్, పాన్, కేబర్, బాక్

స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండప్రాంతం హైలాండ్స్. అక్కడి ఎస్టేటు కాగితాల్లో "మూడు కపుల్స్ ఇల్లు" అని రాసి ఉందనీ, పాన్, కేబర్, బాక్ లాంటి మాటలకి మామూలు ఇంగ్లీషు నిఘంటువుల్లో అర్థం కుదరడం లేదనీ అడిగారు. నేను ఎడింబరోలో పాత ఇళ్ల మరమ్మతుల నక్షాలు గీసే పనిలో ఉన్నాను. ఈ మాటల్లో చాలావరకు అక్కడి వడ్రంగుల దగ్గర నేర్చుకున్నవే.

ముందు కపుల్ సంగతి తేల్చుకోండి. అది ఒక్క వాసం కాదు. రెండు వైపుల నుంచీ లేచి కొప్పు దగ్గర కలిసే కర్రల జత. ఆ రెంటినీ కలిపి ఒకటిగానే లెక్కపెడతారు. హైలాండ్స్ పాత ఇళ్లలో ఈ జత గోడ మీద ఆనదు. దాని కాళ్లు గోడలో ఒదిగి కిందికి, చాలాచోట్ల నేల దగ్గరిదాకా దిగుతాయి. కప్పు బరువంతా కర్రలే మోస్తాయి కాబట్టి గోడ గడ్డిపెళ్లలతో కట్టినా ఇల్లు నిలబడుతుంది. కిల్లిన్ దగ్గర మోర్లానిచ్ లాంగ్‌హౌస్ అని 19వ శతాబ్దం మధ్యనాటి ఇల్లు ఉంది, 1968 దాకా అందులో మనుషులు కాపురమున్నారు. లోపల నిలబడి చూశాక నాకు ఈ మాటలన్నీ ఒక్కసారిగా చోటుకి కుదిరాయి. వీలైతే మీరూ వెళ్లండి, పది పుస్తకాల పెట్టు.

ఇల్లు ఎంత పెద్దదో కపుల్స్ లెక్కలో చెప్పడం అందుకే. కానీ దాన్ని అడుగుల్లోకి మార్చే ప్రయత్నం చేయకండి. జతకీ జతకీ మధ్య ఎడం దొరికిన కర్రని బట్టి మారేది.

మిగతావి కింద నుంచి పైకి వరస. కపుల్స్ మీద ఇంటి పొడవునా వేసే అడ్డకర్రలు పాన్‌లు. వాటి మీద గోడ అంచు నుంచి కొప్పు దాకా పరిచే సన్నకర్రలు కేబర్లు (హైలాండ్ ఆటల్లో విసిరే దుంగకీ ఇదే పేరు). ఆపైన డివట్లు, అంటే పలచగా కోసిన గడ్డిపెళ్లలు. అన్నిటికన్నా పైన గడ్డో హెదర్ పొదో కప్పుతారు. కొప్పుని రిగ్గిన్ అంటారు. కపుల్ రెండు కర్రలనీ కలిపి పట్టే అడ్డదూలం బాక్. దీనితో జాగ్రత్త: పొలం కాగితాల్లో బాక్ అంటే దున్నకుండా వదిలిన గట్టు కూడా. చుట్టూ ఉన్న మాటలు కర్రల గురించా, నేల గురించా చూసుకోండి.

కర్రల్ని ఇంత వివరంగా ఎందుకు రాశారంటే, చెట్లు కరువైన చోట ఇంటిలో విలువైనది అదే. కౌలుదారు ఊరు మారితే కప్పు కర్రలు విప్పి పట్టుకుపోవడం చాలాచోట్ల ఉండేది. కర్ర కాలిపోతే మళ్లీ ఇల్లు లేవదు. 1814లో హైలాండ్స్‌లోని స్ట్రాత్‌నేవర్ లోయలో రైతుల్ని వెళ్లగొట్టి ఇళ్లకి నిప్పు పెట్టించాడన్న అభియోగంపై అక్కడి ఎస్టేటు వ్యవహారాలు చూసిన పాట్రిక్ సెల్లార్‌ని 1816లో ఇన్వర్‌నెస్‌లో విచారించారు. జ్యూరీ నిర్దోషి అంది. ఆ కాలపు కాగితాల్లో "కేబర్లు ఇన్ని" అన్న పద్దు కనబడితే నేను తొందరగా దాటి పోలేను.

పట్టణాల్లో రాతిపలక (స్లేట్) కప్పుల దగ్గర సార్కింగ్ అన్న మాట తగులుతుంది. వాసాల మీద కొట్టే చెక్కల పరుపు అది. స్కాట్లాండ్‌లో పలకల్ని నేరుగా దాని మీదే మేకులతో కొడతారు. ఈ మాట ఇప్పటికీ పనిలో రోజూ వాడుతున్నదే.

వెతకడానికి డిక్షనరీ ఆఫ్ ది స్కాట్స్ లాంగ్వేజ్ ఆన్‌లైన్‌లో ఉచితం. 1700కి ముందు మాటలకి ఒకటి, తర్వాతి మాటలకి ఒకటి, రెండు పెద్ద నిఘంటువులు అందులోనే ఉన్నాయి. ఒక స్పెల్లింగ్‌తో దొరకలేదని వదిలేయకండి. కపుల్‌నే కిపిల్ అనీ కప్పిల్ అనీ రాసేవారు. పాత రాతల్లో బహువచనం చివర "ఇస్" వస్తుంది, దాన్ని తీసేసి వెతకండి. ఇంకా తేలకపోతే ఆ పద్దుకి పైన రెండు వరసలు, కింద రెండు వరసలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.